పిలుపుబండ మీది బాసికాలమ్మ

తునికిమెట్ట ఊరు దాటాక తారురోడ్డు ఆగిపోతుంది. అక్కడి నుంచి మద్దికోనలోకి కాలిబాటే గతి. చెప్పులు చేతపట్టుకుని వాగు దాటితే ఎడమచేతి వైపు చదునైన పెద్ద బండ ఒకటి కనిపిస్తుంది. దాన్ని పిలుపుబండ అంటారు. దానికి ఎగువన, నల్లమద్ది చెట్ల నీడలో బాసికాలమ్మ కొలువై ఉంది. గోపురం లేదు, గోడలు లేవు. పక్కపక్కన కూర్చున్నట్టు రెండు రాళ్ళు ఉంటాయి. పెద్దరాయి నిటారుగా ఉంటుంది. చిన్నరాయి ఊరివైపు కొద్దిగా వంగి, దిగువ నుంచి వచ్చే చప్పుడేదో వింటున్నట్టు ఉంటుంది. రెండింటి నుదుటా జీలుగు బెండుతో చేసిన పెళ్ళి బాసికాలు కట్టి ఉంటాయి. ఇద్దరూ ఆడదేవతలే కదా, మరి ఈ పెళ్ళి ఎవరిది అని కొత్తగా వచ్చినవారు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కాస్త పొడుగు, నీడన కూర్చుని వినండి.

పూర్వం ఇక్కడ ఊరికీ అడవికీ ఈ బండే పొలిమేర. బండకు ఎగువన ఒకే ఒక్క గుడిసె ఉండేది. అందులో చెంగమ్మ ఒంటరిగా బతికేది. ఆమె పుట్టింది తునికిమెట్టలోనే. తనకు పెళ్ళి కుదిరినప్పుడు తన బాసికాన్నీ, పెళ్ళికొడుకు మల్లడి బాసికాన్నీ తన చేతులతోనే చేసుకుంది. పెళ్ళినాటి ఉదయం పందిరిరాట కోసం నేరేడు కొమ్మ తెస్తానని మల్లడు అడవిలోకి వెళ్ళాడు. పెద్దపులి వాత పడ్డాడు. పసుపు రాసుకున్న పిల్ల ఆ పసుపుతోనే మిగిలిపోయింది. తాళి పడలేదు గనుక ముత్తైదువ కాదు, మొగుణ్ణి పోగొట్టుకున్నదనడానికీ లేదు, పోనీ కన్నెపిల్ల అందామా అంటే పెళ్ళికూతుర్ని చేసేశారు. ఏ వరుసలో కూర్చోబెట్టాలో తెలియని మనిషిని ఊరు ఏం చేస్తుంది? పొలిమేర దాటించి చేతులు దులుపుకుంది.

ఆనాటి బాసికాలు రెండూ విస్తళ్ళు కుట్టే అడ్డాకులో చుట్టి బట్టల బుట్ట అడుగున దాచుకుని చెంగమ్మ కోనలోకి వచ్చేసింది. చేతిలో ఉన్న పని బాసికాలు చేయడమొక్కటే కాబట్టి అదే చేసుకుంటూ బతికింది. మడుగులో పెరిగే జీలుగును కోసి ఎండబెట్టి, పై తోలు తీసి, లోపలి తెల్లని బెండును రేకులుగా చెక్కేది. మోదుగపూలు ఉడకబెట్టి రంగు తీసేది. చచ్చి రాలిన బంగారు పురుగుల రెక్కలు ఏరి తుమ్మజిగురుతో అద్దేది. అడ్డనారతో తోరణాలు పేనేది, గురివింద గింజలు గుచ్చేది, నెమళ్ళు రాల్చిన ఈకలు పందిరి మూలలకు కుచ్చులుగా కట్టేది. పచ్చని చెట్టుకొమ్మ మీద మాత్రం కత్తి పెట్టేది కాదు. ఒక్క కొమ్మ కోసం మల్లడు వెళ్తే తన బతుకు ఏమైందో ఆమెకు తెలుసు.

ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా బాసికాలూ తోరణాలూ చెంగమ్మవే. ఆమె బుట్ట తెచ్చి బండ మీద పెట్టి గుడిసెలోకి వెళ్ళిపోయేది. అప్పుడు ఊరివాళ్ళు వచ్చి బుట్ట తీసుకుని, దాని స్థానంలో ఇన్ని జొన్నలో, బెల్లం ముక్కో పెట్టి వెళ్ళేవారు. ఆమె చేతిపని శుభమట, ఆమె ముఖం అశుభమట! ఈ తీర్పు చెప్పిన పెద్దమనుషులెవరో గాని వాళ్ళ తెలివికి దండం పెట్టాలి. కింద మేళం మోగుతుంటే చెంగమ్మ గుడిసె ముందు కూర్చుని వినేది. డోలు ఉరుము పెరిగితే తాళి కడుతున్నారని తెలిసేది. తాను చేసిన బాసికం ఏ పిల్ల నుదుట ఎలా అమరిందో చూడాలని ప్రాణం కొట్టుకునేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పెళ్ళికి రమ్మని ఎవరైనా పిలిస్తే బాగుండునని ఆమె కోరిక. అంతకుమించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఆమెతో మాట్లాడే మనిషంటూ ఉంటే తమ్ముడు ఓబన్న కూతురు సుంకి ఒక్కతే. పాలపళ్ళు ఊడిన వయసు నుంచీ ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా బండ దాకా పరుగెత్తుకొచ్చేది.

"అత్తా, నా పెళ్ళికి నువ్వే వచ్చి బాసికం కట్టాల!"

"ముందు నీకు పళ్ళు రానీ తల్లీ. బోసినోటి పెళ్ళికూతుర్ని ఎవడు చేసుకుంటాడే?" అని చెంగమ్మ నవ్వేది. పిల్ల వెళ్ళాక మళ్ళీ నవ్వేందుకు ఎవరూ ఉండేవారు కారు. పక్కనే మద్దిచెట్టు కింద పేరూ పూజా లేని అమ్మవారి రాయి ఒకటి ఉండేది. ఆ రాతితోనే ఇంత మాట్లాడుకుని పడుకునేది.

సుంకికి పళ్ళూ వచ్చాయి, ఈడూ వచ్చింది, పెళ్ళీ కుదిరింది. ఆ బాసికాలకు పెట్టిన శ్రమ చెంగమ్మ మరే పెళ్ళికీ పెట్టలేదు. ఉన్న ఒక్క మంచి చీరె వాగులో ఉతికి పొదల మీద ఆరేసుకుంది. ఎందుకంటే ఈ సీమలో ఒక కట్టడి ఉంది. ఆడపడుచును పుట్టింటి పెళ్ళికి పిలవాలంటే తోడబుట్టినవాడే కుంకుమ భరిణెతో వెళ్ళి, నుదుట బొట్టు పెట్టి రమ్మనాలి. బొట్టు లేని పిలుపు పిలుపు కాదు. బుట్ట కోసం ఎలాగూ ఓబన్నే వస్తాడు. అందుకే చెంగమ్మ ఆ రోజు గుడిసెలోకి వెళ్ళలేదు, బండ దగ్గరే నిలబడింది.

ఓబన్న వచ్చాడు. "బాగుండావా అక్కా?"

"బాగానే ఉండాను రా. పిల్ల ఎట్లుంది?"

"నీ పేరే తలుస్తా ఉంది."

అతని పంచె మడతలో భరిణె ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది. ఓబన్న చెయ్యి దాని మీదికి వెళ్ళింది. చెంగమ్మ నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తోసుకుంది. కాని ఆ నుదుట బొట్టు పెడితే ఊరు ఏమంటుందో, వియ్యంకులు ఏమంటారో అని అతను జంకాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వానొచ్చేట్టుంది అక్కా, పోయొస్తా," అని బుట్ట ఎత్తుకున్నాడు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. తమ్ముడి వీపు కనుమరుగయ్యేదాకా చెంగమ్మ అక్కడే నిలబడింది. తరువాత బండ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఊరు వెలివేసిన నాడు కూడా ఆమె అంత ఏడవలేదు.

పెళ్ళిరోజు కింద మేళం మొదలైంది. చెంగమ్మ ఉతికిన చీరె కట్టుకుని, వెళ్ళే చోటు లేక, అమ్మవారి రాతికి ఆనుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నపు వేడికి కళ్ళు మూతలు పడ్డాయి. కలలో ఆ అమ్మవారు కనిపించింది.

"ఏమే చెంగీ, ఊరందరి నుదుళ్ళూ సింగారించావు. నా నుదురు ఎప్పుడన్నా చూశావా? ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, ఏ పెళ్ళికీ నన్నెవరూ రమ్మనలేదు. నిన్నూ పిలవలేదు. నీ బట్టల బుట్ట అడుగున ఉన్నవి తీసుకురా. వచ్చి నా పక్కన కూర్చో."

చెంగమ్మ ఉలిక్కిపడి లేచింది. రమ్మన్న మాట చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. గుడిసెలోకి పరుగెత్తి అడ్డాకు పొట్లం విప్పింది. అన్నేళ్ళయినా బెండు నలుపెక్కలేదు, పురుగు రెక్కల మెరుపు తగ్గలేదు. మల్లడి కోసం చేసిన బాసికాన్ని రాతి నుదుట కట్టింది. తనది తాను కట్టుకుంది. అమ్మ పక్కన మోకాళ్ళు ముడుచుకుని, మేళం బాగా వినపడాలని ఊరివైపు కొద్దిగా వంగి కూర్చుంది.

కింద పందిట్లో సుంకి నుదుట బాసికం నిలవడం లేదు. కడుతుంటే దారం పుటుక్కున తెగుతోంది. కొత్త దారం తెచ్చారు, అదీ తెగింది. సుంకి తలెత్తి తండ్రిని చూసింది.

"నాన్నా, అత్తను పిలిచినావా?"

ఓబన్న తెగిన దారాన్ని ముడివేయబోయాడు.

"బొట్టు పెట్టి పిలిచినావా, లేదా?"

"ధైర్యం చాల్లేదమ్మా."

"అయితే నేను పీటల మీద కూర్చోను," అని సుంకి లేచి నిలబడింది. ముహూర్తం దాటిపోతోందని పెద్దలు లబలబలాడారు. ఓబన్న వాళ్ళ మాట చెవిన పెట్టకుండా భరిణె పట్టుకుని కోనలోకి పరుగెత్తాడు. బండ దగ్గర నిలబడి అక్కా అక్కా అని కేకలు పెట్టాడు. గుడిసెలో ఎవరూ లేరు. మద్దిచెట్టు కింద, ఒక్క రాయి ఉండవలసిన చోట రెండు రాళ్ళు ఉన్నాయి. చిన్నరాతి నుదుట, అక్కకు పెళ్ళి కుదిరిననాడు ఆమె చేతిలో చూసిన పాత బాసికమే ఉంది. ఓబన్న దాని కింద కుంకుమ పెట్టాడు.

"సుంకి పెళ్ళి అక్కా. నువ్వు రావాల," అన్నాడు. మళ్ళీ అన్నాడు. అంటూనే ఉన్నాడు. బుట్ట అందుకున్న నాడు ఈ ఒక్క మాట పెదవి దాటి ఉంటే!

కింద దారం నిలిచింది, పెళ్ళి జరిగింది. ఊరంతా శుభం శుభం అన్నారు. ఓబన్న మాత్రం బతికినన్నాళ్ళూ పొద్దున్నే బండ దగ్గరికి వచ్చి, అక్కను రమ్మని పిలిచి వెళ్ళేవాడట.

నాటి నుంచి నేటి వరకు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరితే తొలి పిలుపు ఈ బండ మీది నుంచే. పెళ్ళివారు రెండు రాళ్ళకూ కుంకుమ పెట్టి, అడవి సామగ్రితో చేసిన బాసికాలు కట్టి, పెళ్ళికి రమ్మని పైకి వినపడేలా చెబుతారు. చెప్పి కాసేపు మాటాపలుకూ లేకుండా నిలబడతారు. ఆ కాసేపూ వెంట వచ్చిన మేళం కూడా ఆగుతుంది. తరువాత ఊళ్ళోకి వెళ్ళి, భర్త పోయినవారనీ పెళ్ళికానివారనీ చూడకుండా ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టి పిలుస్తారు. పందిరికి మొదటి తోరణం కట్టేది ఆ ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న స్త్రీయే. ఇలా చేసిన పెళ్ళిళ్ళు చల్లగా ఉంటాయని, సంబంధాలు కుదరనివారికి అమ్మ తోడు చూపిస్తుందని నమ్మకం.

భక్తులకు కొన్ని మనవులు. ప్లాస్టిక్ పూలదండలు, థర్మాకోల్ బాసికాలు దయచేసి తేవద్దు. ఎన్నిసార్లు చెప్పినా తెస్తున్నారు, ఏరి పారేయలేక చస్తున్నాము. జీలుగు బెండు దొరకకపోతే రాలిన ఆకు ఒకటి ఏరి నుదుట అద్దినా అమ్మకు చాలు. పచ్చని కొమ్మ విరవకండి. కొబ్బరికాయ లేకపోయినా ఫరవాలేదు. అయితే మీ ఇంటి శుభకార్యానికి పిలవకుండా వదిలేసిన మనిషి ఎవరైనా ఉంటే, ఇక్కడికి రాకముందే ఆ ఇంటికి వెళ్ళి పిలిచి రండి. వినడానికి ఆ మనిషి ఉన్నప్పుడే పిలవండి.