కంకుల మద్దిలేటి పేరు

కాళ్లు ముడుచుకొని కూచోండి. మధ్యలో లేస్తే మళ్లీ మొదటినుంచి చెప్పను, ఆ! ఇది మా అవ్వకూ, ఆ అవ్వ అవ్వకూ ముందరి సంగతి. అప్పుడు గుండ్లవంక అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి మూడు వీధులు, ఒక చావడి, ఒక తప్పెట.

పెద్దలు చావడిలో కూచొని ఒక కట్టుబాటు పెట్టినారు. పిల్లోళ్లు తప్పు చేస్తే మూడు వీధుల్లోనూ తప్పెట కొట్టాల. పేరు, చేసిన తప్పు అరిచి చెప్పాల. సిగ్గుపడి బాగుపడతారంట! బాగుపడిందెవరో నాకైతే తెలీదు.

మద్దిలేటి తొమ్మిదేండ్లప్పుడు ఆకలికి తాళలేక ఎవరి చేలోనో ఒక జొన్నకంకి విరుచుకున్నాడు. ఒకటంటే ఒకటే! మూడు వీధుల్లో తప్పెట మోగింది. ఆ పొద్దు నుంచి వాడు కంకుల మద్దిలేటి. పెద్దోడైనా ఎవరూ పనికి పిలవలేదు. ఎవరూ పిల్లనివ్వలేదు. ఎవరూ "మద్దిలేటీ, రారా, ఇంత సంగటి తిని పో" అనలేదు. ఇంట్లో మాట్లాడేదానికి గోడలే దిక్కు. పాపం, ఎట్లా బతికినాడో ఏమో.

తప్పెట కొట్టే ముసలాయన పోయినాక ఆ పనికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పటికి తల నెరిసిన మద్దిలేటినే పెట్టినారు. మొదట ఒక కుమ్మరి పిల్లోని పేరు కొట్టినాడు. వాడు ఊరిడిచి పోయి మళ్లీ రాలేదు. రెండోసారి ఒక గొల్ల పిల్లోని పేరు. ఎట్లాగూ దొంగంటున్నారు గదా అని వాడు నిజంగానే దొంగయినాడు. మద్దిలేటికి కూడు సయించలేదు.

మూడోసారి వంతు ఈరమ్మది. పదకొండేండ్ల పిల్ల. చావడి పెద్ద బసిరెడ్డి ఎద్దు మెడలో గజ్జెలు విప్పి, కాళ్లకు కట్టుకొని వంక ఇసకలో గంతులేసి ఎగిరింది. దొంగతనం చేసి గల్లుగల్లుమని ఎగిరితే దొరక్కుండా ఉంటుందా? బసిరెడ్డే పట్టుకున్నాడు. ఇంకెవరికీ తెలీదు.

"పో, కొట్టు" అన్నాడు బసిరెడ్డి.

"నా పేరు చెప్పొద్దు తాతా" అని ఈరమ్మ చావడి స్తంభం పట్టుకొని మద్దిలేటిని బతిమాలింది.

మద్దిలేటి మొదటి వీధిలో తప్పెట కొట్టినాడు. "ఎద్దు గజ్జెలు పోయినాయి, దొరికినాయి! తీసింది ఎవరంటే..." జనం చెవులు రిక్కించినారు. "తీసింది కంకుల మద్దిలేటి!" రెండో వీధిలోనూ అదే. మూడో వీధిలోనూ అదే.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని బసిరెడ్డి మండిపడినాడు.

"అయ్యా, నా పేరు ఎప్పుడో చెడింది. ఇంకొకటి పడితే దానికేమైతుంది? ఆ పిల్ల చిన్నది."

తప్పెట అబద్ధమాడిందంటే చావడి పరువు పోతుందని బసిరెడ్డి నోరు మూసుకున్నాడు. తప్పెట మాత్రం లాక్కున్నాడు.

ఈరమ్మ పరిగెత్తుకొచ్చి, "నేనే తీసినానని చెప్పేస్తా తాతా" అనింది.

"చెప్తే నేను కొట్టిందంతా దండగ. నా దగ్గరికి రావద్దు, నాతో మాట్లాడొద్దు. ఊరికి అనుమానమొస్తుంది" అన్నాడు మద్దిలేటి.

అప్పటినుంచి ఆ పిల్ల రోజూ వాని గోడమీద ఒక సంగటి ముద్ద పెట్టి, మాట్లాడకుండా పోయేది. వాడు తలుపు సందులోనుంచి చూసేవాడు. తాతా అని ఒక్కసారి పిలిస్తే బాగుండుననుకునేవాడు. ఎక్కడ పిలుస్తుందోనని భయపడేవాడు. ఏండ్లు అట్లే గడిచిపోయినాయి.

ఒక పొద్దున చూస్తే ముందురోజు ముద్ద గోడమీదనే ఉంది. మద్దిలేటి పోయినాడు. దొంగను మోసేదెవరని ఊరంతా గడపల్లోనే నిలబడిపోయింది. అప్పటికి ఈరమ్మ ఇద్దరు బిడ్డల తల్లి. నేరుగా చావడికి పోయి, అందరి ముందర నిలబడింది.

"ఆ గజ్జెలు తీసింది నేను. కొట్టండి నా పేరు!"

తప్పెట మీద ఒక్క చెయ్యి పడలేదు. ముసలి బసిరెడ్డి తల వంచుకొని లేచి, మొదట తనే పోయి పాడె కింద భుజం పెట్టినాడు.

ఆ పొద్దే కట్టుబాటు మారింది. పిల్లోళ్ల తప్పు చావడి గడప దాటగూడదు. తప్పు చేసిన బిడ్డకు తిండి ఎవరింట్లో, పని ఎవరి దగ్గర, తోడు ఎవరు, ఇవి తేలినాకే పెద్దలు లేవాల. తప్పు చేసిందెవరని ఊరు అడిగితే, మద్దిలేటి అని చెప్పాల.

ఇప్పటికీ అక్కడ కుండ పగిలితే తల్లి "ఎవర్రా?" అని అరుస్తుంది. పిల్లోళ్లు "మద్దిలేటి!" అంటారు. తల్లి ఇంకేమీ అడగదు.

"అట్లయితే మద్దిలేటిని రమ్మను, ఇంత సంగటి తిని పొమ్మను" అంటుంది.