రెండు ఆవులు, ఒకే బకెట్

పలమనేరు దగ్గరి ఒక పల్లెలో మునెప్ప అనే రైతు ఉండేవాడు. అందరికీ ఒకే కొలత పెట్టడమే న్యాయమని అతని మొండి నమ్మకం. పొలం దున్ని వచ్చినవాడికీ, జ్వరంతో మంచం పట్టినవాడికీ రెండేసి సంగటి ముద్దలు పెట్టించేవాడు. జ్వరం వచ్చినవాళ్ళు ఆ ముద్దలకు భయపడే త్వరగా లేచేవాళ్ళు. అది కూడా తన గొప్పే అనుకునేవాడు.

అతని భార్య రెడ్డెమ్మకు ఒక పుంగనూరు ఆవు ఉండేది. పేరు చిట్టి. నడుమెత్తు కూడా లేని ఆ ఆవును ఆమె దూడనాటి నుంచి సాకింది. గట్టుమీది ఎండుగడ్డి కొరికినా అది అరిగించుకుని నిగనిగలాడేది.

మునెప్ప సంతలో ఒక జెర్సీ ఆవును కొన్నాడు. దానికీ ఎండుగడ్డే వేశాడు. కొద్దిరోజులకే దాని డొక్కలు తేలాయి.

"తిండిపోతుదానా! చిట్టి బతకడం లేదా?" అని దాన్నే తిట్టాడు.

చివరికి పాలకేంద్రం వాళ్ళు చీవాట్లు పెడితే, పచ్చిమేతతోపాటు మొక్కజొన్న పిండి, తవుడు కలిపి కొంచెం కొంచెంగా పెంచుతూ బకెట్‌ దాకా తెచ్చాడు. జెర్సీ తేరుకుంది, పాలు పెరిగాయి.

"మరి చిట్టికి అన్యాయం చేస్తే ఎలా?" అంటూ ఒకరోజు పొద్దున్నే దాని ముందూ నిండు బకెట్ పెట్టాడు.

రెడ్డెమ్మ చేలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, నీకు కళ్ళు పోయాయా? గడ్డికి అలవాటుపడిన కడుపు అది! అంత పిండి ఒక్కసారి పడితే పులిసిపోతుంది. తీసెయ్!"

"నోరు ముయ్యవే. రెండూ ఆవులే. నా ఇంట్లో తేడాలు లేవు."

ఆమె బకెట్ లాగబోతే చెయ్యి విదిలించి కొట్టాడు. పాపం చిట్టి అడుగుదాకా నాకేసింది.

మధ్యాహ్నానికి నెమరు ఆగింది. ఎడమ డొక్క డప్పులా బిగిసింది. పశువుల డాక్టరు వచ్చి ఏమేమో తాగించాడు గానీ, సాయంత్రానికి చిట్టి తల వాల్చేసింది.

"రెండింటికీ సమానంగానే పెట్టాను కదే," అని గొణిగాడు మునెప్ప.

రెడ్డెమ్మకు ఒళ్ళు మండిపోయింది. "పెట్టావు! ఒకదాన్ని పస్తులుంచి ఎండగట్టావు, ఇంకోదాన్ని మేపి చంపావు. నీ బకెట్ చూసుకున్నావే గానీ, దాని కడుపు చూశావా?"

గుంత అతనొక్కడే తవ్వాడు. ఆమె పార అందించి వెళ్ళిపోయింది.

నీతి: అందరికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు, ఎవరి కడుపుకు ఏది అరుగుతుందో తెలుసుకుని పెట్టడమే న్యాయం.