కూర్చున్న వరస

కామయ్య మాస్టారిని ఏదైనా ప్రశ్న అడగదలచినవాడు ముందు చెప్పులు విప్పుకోవాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. జవాబు నోటితో చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాణ్ణి కబడ్డీ చాప మీదికి దింపుతాడు, చాప మీదికి చెప్పులతో వెళ్ళకూడదు. "దిగి చూడు" అన్న రెండు మాటలతో నలభై ఏళ్ళుగా ఆయన ఎందరి నోళ్ళు మూయించాడో లెక్క లేదు. కొందరికి జవాబు దొరికింది, కొందరికి మోకాలు బెణికింది. రెండూ దక్కిన అదృష్టవంతుల్లో తవిటినాయుడు ఒకడు. ఈ సంగతి నాకు చెప్పింది అతనే.

కళింగ కెరటాలు అనే ప్రొఫెషనల్ జట్టుకు కామయ్య మాస్టారు పెద్ద కోచ్. తవిటినాయుడు ఆయన శిష్యుడు, సహాయ కోచ్. ఆ ఏడు సీజనులో పన్నెండు జట్లు ఆడితే కెరటాలు పదకొండో స్థానంలో తేలాయి. పన్నెండోవాళ్ళు మనకంటే అధ్వాన్నం కదా అని సంతోషించడానికి అభిమానులు కూడా పెద్దగా మిగల్లేదు. పైగా సీజను ముగిసీ ముగియకుండానే జట్టులో రెండు మూలలూ ఖాళీ అయ్యాయి. కూతకొచ్చినవాడి చీలమండ పట్టి ఆపేది రెండు చివర్లా నిలబడే కార్నర్లే. ఎడమ కార్నర్ మోకాలికి ఆపరేషను చేయించుకుని ఆటకు దండం పెట్టాడు, కుడి కార్నర్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు. ఎడమ మూలకు ఎవరినో అనుభవమున్నవాణ్ణి తెచ్చుకున్నారు గానీ, కుడి మూలకు మాత్రం కుర్రవాళ్ళనే తయారు చేసుకోవాలని యాజమాన్యం తేల్చింది. అందుకని పలాస శివార్లలో, వాడుకలో లేని ఒక జీడిపిక్కల గోదాములో చాప పరిచి, పదకొండు వారాలు శిక్షణ శిబిరం నడిపారు. ఎంత కడిగినా ఆ గోదాముకు జీడిపొట్టు వాసన పోలేదు. అక్కడ చెమటోడ్చినవాళ్ళు ఇప్పటికీ జీడిపప్పు ముట్టరని వినికిడి.

శిబిరం ముగిసే శనివారం సాయంత్రం అయిదింటికి పద్దెనిమిది మంది ఆటగాళ్ళ పేర్లు విశాఖపట్నం ఆఫీసుకు చేరాలి. పేర్లు రాసే పని తవిటినాయుడిది. పదిహేడు రాసేశాడు. అలవాటు ప్రకారం మొదటి గడిలో తన పేరే రాసుకున్నాడు. అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. రెండు సీజన్లుగా మ్యాచ్ ఆడలేదు, కానీ సహాయ కోచ్ ఆటగాడిగా కూడా నమోదై ఉండడానికి రూల్లో అడ్డు లేదు, అవసరానికి అనుభవం ఉన్నవాడొకడు ఉండాలని అందరూ అనేవారు. ముందు అతనే అనేవాడు, తరవాత అందరూ అనేవారు. అతని నాలుగో నంబరు బనియను ప్రతి ఏడూ కొత్తది కుట్టి వస్తూనే ఉంది.

ఇక మిగిలింది పద్దెనిమిదో గడి. దానికి ఇద్దరు కుర్రవాళ్ళు. ఒకడు బాపట్ల వైపు నుంచి వచ్చిన మస్తాన్‌వలి. చీలమండ అందిందంటే ఉడుం పట్టే. రెండోవాడు పాడేరు కొండల మీది పాంగి భీమన్న. మనిషి ఏపుగా ఉంటాడు, మాట తక్కువ, కాలు పట్టడానికి వంగేసరికి ఆ కాలు ఎప్పుడో గీత దాటి ఉంటుంది. నాయుడి నోటుబుక్కులో మస్తాన్‌కు నాలుగు పేజీలు నిండాయి. భీమన్న పేజీలో సగం కూడా నిండలేదు. దాన్నిబట్టి చూస్తే ఆలోచించాల్సిందేమీ లేదు. కానీ భీమన్నను ఈ జట్టుకు తెచ్చినది కామయ్య మాస్టారు. ఎక్కడో సంతలో, మట్టిలో ఆడుతుంటే చూసి, ఆ సాయంత్రమే వాళ్ళ నాన్నతో మాట్లాడి బస్సెక్కించుకుని వచ్చాడు. జట్టులో పేరు లేకపోతే భీమన్న ఆదివారం ఉదయం తిరిగి కొండెక్కాలి. అక్కడ కాఫీ తోటల్లో పని ఉంటుంది గానీ చాప ఉండదు, మళ్ళీ ఎవరూ అతన్ని పిలవరు. అది నాయుడికి బాగా తెలుసు. అందుకే రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. మాస్టారికి ఏం కనిపించి తెచ్చాడు, తనకెందుకు కనిపించడం లేదు అన్నది అతని తికమక.

శనివారం ఉదయం తొమ్మిదింటికి నోటుబుక్కూ కాగితమూ పట్టుకుని మాస్టారి దగ్గరకు వెళ్ళాడు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు కదా, పదకొండు వారాలైనా వాసన రానిది పువ్వేనా కాదా అని అడిగాడు. ఎవడు ఎదుగుతాడో ఎవడు ఎదగడో ముందే తెలిసేదెలాగో చెప్పమన్నాడు. కామయ్య మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, అతని పాదాల వైపు చూశాడు. నాయుడు నిట్టూర్చి చెప్పులు విప్పాడు.

ఆ ఉదయం విజిల్ మాస్టారు తీసుకున్నాడు. మామూలుగా అది నాయుడి మెడలో ఉంటుంది. జట్టును రెండుగా చీల్చి, మస్తాన్‌ను ఆ పక్కకు, భీమన్ననూ నాయుణ్ణీ ఈ పక్కకు వేశాడు. కుడి మూలన భీమన్న, అతని పక్కనే, పట్టుకు ఆసరా ఇచ్చే కవర్‌గా నాయుడు. చాలా రోజులకు చాప మీద నిలబడ్డందుకు నాయుడికి లోలోపల సంతోషంగానే ఉందట, ఆ మాట దాచకుండా చెప్పాడు. మోకాలు మాత్రం సంతోషించలేదు.

మొదటి కూతలోనే భీమన్న ఔటయ్యాడు. వంగాడు, చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయింది, వచ్చినవాడు వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టి పోయాడు. చాప అంచున వేసిన బల్ల మీద వెళ్ళి కూర్చున్నాడు. మరి రెండు కూతల తరవాత కూతగాడి వేలు నాయుడికి తాకింది. అతనూ వెళ్ళి భీమన్న పక్కన కూర్చున్నాడు. ఇంకొకడు వచ్చి మూడోవాడిగా కూర్చున్నాడు. కబడ్డీ చూసినవాళ్ళకు తెలిసిన సంగతే, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఔటైనవాడు తనంతట తాను లోపలికి రాలేడు. లోపల ఉన్నవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేస్తే, బల్ల మీంచి ఒకడు లేస్తాడు. అదీ ఇష్టం వచ్చినవాడు కాదు, ముందు కూర్చున్నవాడే ముందు లేవాలి.

లోపల మిగిలిన నలుగురూ ఎంత పెనుగులాడినా ఒక్క పాయింటూ రాలేదు. బల్ల మీంచి చూస్తే ఆట వేరేగా ఉంటుందని నాయుడు మరిచిపోయాడు. ముఖాలు కనిపించవు, కాళ్ళే కనిపిస్తాయి. చెమట ఆరిపోయింది, మోకాలు బిగుసుకుంది, ఒళ్ళంతా ఎప్పుడు లేద్దామా అని కొట్టుకుంటోంది. భీమన్న మాత్రం కాళ్ళు మడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, బస్సు రాని రోడ్డు మీద కూర్చున్నవాడిలా నింపాదిగా ఉన్నాడు. ఈ కుర్రాడికి ఆకలి లేదు, అందుకే ఎదగలేదు అని నాయుడు మనసులో తీర్పు చెప్పుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని కూడా అనుకున్నాడట.

చివరికి ఈ పక్క కూతగాడు అటు పక్క ఒకణ్ణి తాకి వచ్చాడు. మాస్టారు ఒక వేలు పైకెత్తాడు. నాయుడు చటుక్కున లేచి, చాప మీదికి వెళ్ళి, తన చోట నిలబడ్డాడు.

ఆట మొదలు కాలేదు. మాస్టారి నోట్లో విజిల్ ఉంది, ఊదడం లేదు. అవతలి కూతగాడు గీత దగ్గర నిలబడి ఉన్నాడు, కదలడం లేదు. నాయుడికి అర్థం కాలేదు. గీత తొక్కానా అని కాళ్ళ వైపు చూసుకున్నాడు. బనియను తిరగేసి వేసుకున్నానా అని చూసుకున్నాడు. అందరూ తననే చూస్తున్నారని తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. ఒక్క భీమన్నే అతన్ని చూడడం లేదు, బల్ల మీద కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. అతని ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం అసలు లేదు. అప్పుడు తెలిసింది నాయుడికి. ఇరవై ఏళ్ళు ఆడి, పిల్లలకు రూల్సు నేర్పే మనిషి, వరస తప్పి లేచాడు. సిగ్గుతో బల్ల దగ్గరకు తిరిగి వచ్చి, నీ వంతు కదరా, నేను లేస్తుంటే చెప్పలేదేం అని కుర్రవాణ్ణే కసిరాడు.

భీమన్న లేచి నిలబడ్డాడు. "మీరు పేరు పెట్టి పిలుస్తారు కదా సార్. పిలవందే లేవకూడదు గావాలనుకున్నాను."

ఆ మాట నిజం. శిబిరం మొదలైన మూడో రోజు నుంచీ నాయుడు వరస పాటించలేదు. ప్రాక్టీసుకు ఉన్నది గంటన్నర, కూతగాళ్ళకు గట్టి గోడ ఎదురుగా ఉండాలి, అందుకని పాయింటు వచ్చినప్పుడల్లా "మస్తాన్, రా" అని కేకేసేవాడు. మ్యాచ్‌లో అయితే రిఫరీ ఊరుకోడు, ఇది ప్రాక్టీసే కదా అనుకున్నాడు. మస్తాన్ ఔటైన నిమిషానికల్లా లోపల ఉండేవాడు, భీమన్న ఒకసారి ఔటైతే ఇక ఆట ముగిసేదాకా బల్ల మీదే. పాపం, ప్రొఫెషనల్ జట్టులో పద్ధతి ఇదే కాబోలనుకుని పదకొండు వారాలు పిలుపు కోసం ఎదురుచూశాడు. నోటుబుక్కులో అతని పేజీ ఎందుకు నిండలేదో, రాసినవాడికే అప్పటిదాకా తెలియదు.

సరే, ఇక్కడితో చిక్కు విడిపోయిందని మీరనుకోవచ్చు. నాయుడూ అలాగే అనుకున్నాడు. తొక్కిపెట్టిన మొలక మీంచి రాయి తీసేశాం కాబట్టి ఇప్పుడు చూడండి అన్నట్టు, బల్ల మీద ముందుకు జరిగి కూర్చున్నాడు. భీమన్న లోపలికి వెళ్ళాడు. వెళ్ళిన కూతలోనే వంగాడు, ఆలస్యంగా వంగాడు, ఔటై తిరిగి వచ్చి వరసలో చివర కూర్చున్నాడు. నాయుడి తికమక రెట్టింపైంది. అంటే నోటుబుక్కు చెప్పింది తప్పా, ఒప్పా?

ఆ ఉదయం వరస తప్పకుండా ఆట సాగింది. మస్తాన్ ఎప్పటిలాగే పట్టులు పట్టాడు, అతనిలో లోపమేమీ లేదు. భీమన్న ఆరుసార్లు లోపలికి వెళ్ళి ఆరుసార్లూ ఔటయ్యాడు. ఒక్క పట్టూ దొరకలేదు. అయితే బల్ల మీద కూర్చుని కాళ్ళే చూస్తున్న నాయుడికి ఒకటి కనిపించింది. మొదటిసారి భీమన్న చెయ్యి జానెడు దూరంలో ఆగింది. మూడోసారి బెత్తెడు. ఆరోసారి వేళ్ళు మడమను చుట్టుకున్నాయి, చెమటకు జారిపోయాయి. జారాక భీమన్న తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, పదకొండు వారాల్లో మొదటిసారి చిన్నగా నవ్వుకున్నాడు. అది ఎదగడమేనా, లేక ఊరికే జారడమా? దేన్ని దేని కింద రాయాలో నాయుడికి పాలుపోలేదు. అతని నోటుబుక్కులో జారినవాటికి గడి లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు, మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని, మళ్ళీ మాస్టారి దగ్గరకు వెళ్ళాడు. ఈసారి గొంతులో ఉదయం నాటి బింకం లేదు. మస్తాన్‌ను వదులుకోవడం తెలివితక్కువ, అతను చేతికొచ్చిన పంట. భీమన్నను పంపేయడం పాపం, అతనికి పొలమే ఇవ్వలేదు. ఇద్దరిలో ఎవరి పేరు రాసినా రెండోవాడికి అన్యాయమే. కళ్ళు చెమర్చాయని అతనే నాతో అన్నాడు.

"నాకేటీ తోచడం లేదు మాస్టారూ. గడి ఒక్కటే ఉంది, ఇద్దరున్నారు. మీరే సెప్పండి, ఎవుడి పేరు రాయమంటారు?"

ఈసారి దిగి చూడమంటాడేమోనని నాయుడు ముందే చెప్పులు విప్పుకుని నిలబడ్డాడు. మాస్టారు దిగమనలేదు. కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. కింద ఖాళీగా ఉన్న పద్దెనిమిదో గడి వైపు చూడనే లేదు. పై నుంచి మొదలుపెట్టాడు, మొదటి పేరు దగ్గరే ఆగాడు. అక్కడ వేలు ఆనించి, కాగితాన్ని నాయుడి వైపు తిప్పాడు.

"మళ్ళీ ఆడికంటే ముందు నువ్వే లెగిసిపోనావురా, నాయుడూ."