ముసురు రోజున వేసిన అంకె

ఈ సంగతి నాకు మొదట చెప్పింది చేపలమ్మే పోలమ్మ. చదువుకున్నవాళ్ళు తలో తీరుగా తిప్పి చెప్పారు గానీ, ఆ సాయంత్రం ఆ డాబా మీద ఉన్న మనిషి ఆవిడ. ఆవిడ మాటే నాకు లెక్క.

భద్రయ్యగారు ముప్పయ్యేళ్ళు లైట్‌హౌసులో దీపం చూసినవారు. పని నుంచి దిగాక డాబా మీద చిన్న దుర్భిణి పెట్టుకుని, అడిగినవాళ్ళకి చుక్కలు చూపించేవారు. దీపం తుడిచేవాడికి ఆకాశం సంగతేం తెలుసని నవ్విన పెద్దమనుషులున్నారు. వాళ్ళ పేర్లు నేను మరిచిపోలేదు.

ఆయన శిష్యుడు సన్నిబాబు దర్జీ. అతనికి గురువుగారు ఒక చుక్కని అప్పగించారు. కొన్నాళ్ళు వెలిగి కొన్నాళ్ళు మసకబారే చుక్క అది. చీకటి పడగానే పక్క చుక్కలతో పోల్చి, ఎంత వెలుగుందో పుస్తకంలో అంకె వేయాలి. వరసగా యాభై రోజుల అంకెలుంటే పట్నంలోని ఖగోళ సంఘం వాళ్ళు అతని పేరుతో అచ్చు వేస్తారు. పేరు అచ్చులో పడుతుందని సన్నిబాబు అప్పుడే అత్తవారింటికి కూడా కబురంపాడు.

నలభై ఆరు అంకెలు పడ్డాయి. నలభై ఏడో రోజున ముసురు పట్టింది. సన్నిబాబు కాలుగాలిన పిల్లిలా డాబా అంతా తిరిగాడు. గుడ్డతో అద్దం తుడిచాడు, మబ్బు కదిలిందని ఆశపడ్డాడు, మళ్ళీ తుడిచాడు. చివరికి మొన్నటి అంకె, నిన్నటి అంకె చూసుకుని, తోచిందొకటి గబుక్కున వేసేశాడు. మర్నాడూ అదే ముసురు. ఆ సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, రోజూ చూసే చుక్కే కదా. ఇవాళ ఎంతుంటుందో తెలిసిందే. కంటితో చూడకుండా రాస్తే తప్పేముంది?"

భద్రయ్యగారు జవాబు చెప్పేలోగా పోలమ్మ తడిసిన చీరతో మెట్లెక్కి వచ్చింది. "బాబూ, మా మావ తెప్ప ఇంకా రానేదు. నీ గొట్టంలోంచి ఓపాలి సూడు బాబూ!"

ఆయన దుర్భిణిని సముద్రం వైపు తిప్పి చాలాసేపు చూశారు. వాన తెర తప్ప ఏమీ లేదు. సన్నిబాబుకి పోలమ్మ మొహం చూడబుద్ధి కాలేదు. "నిన్నా మొన్నా ఈ వేళకే వచ్చాడు కదండీ. ఆ వాన వెనకాలే ఉండుంటాడు. కనబడ్డాడని చెప్పండి, పాపం," అన్నాడు మెల్లగా.

"కనబడలేదమ్మా," అన్నారు భద్రయ్యగారు.

పోలమ్మ గుండెలు బాదుకుంటూ పేటలోకి పరుగెత్తింది. వలలు మడుచుకుంటున్న మరుదులు ఉన్నపళాన రెండు పడవలు దించారు. కొండమొన అవతల, తిరగబడ్డ తెప్పని పట్టుకుని వేలాడుతున్న మనిషిని పైకి లాగారు. ఇంకొంచెం సేపైతే చేతులు వదిలేసేవాడట.

మర్నాడు పోలమ్మ చేపలు పట్టుకుని వెళ్ళేసరికి సన్నిబాబు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తను వేసిన అంకె కొట్టేసి పక్కన 'మబ్బు' అని రాశాడు. రాసి, తల వంచుకుని గురువుగారికి అందించాడు. యాభై పోయాయి, పేరూ పోయింది.

భద్రయ్యగారు ఆ గడి చూసి పుస్తకం మూసేశారు.

"ఆ రోజు మబ్బు నేనూ చూశాను రా."



ముసురు నాలుగు రోజులుంది. నాలుగు గడుల్లోనూ 'మబ్బు' అనే రాసి సన్నిబాబు కాగితం పంపాడు. ఆ సంఘంలో ఎవరో మహానుభావుడు, అటూ ఇటూ చూసి ఆ నాలుగింటికీ అంకెలు తనే పూరించి, యాభై రోజులూ చూసినట్టు సన్నిబాబు పేరుతో అచ్చు వేశాడు. దిద్దమని సన్నిబాబు రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. ఆ అచ్చు పుస్తకం చేతికొచ్చిన వారెవరైనా సరే, దయచేసి ఆ నాలుగు అంకెలూ కొట్టేసి 'మబ్బు' అని రాయండి.