ఓబులమ్మ పుల్లపొడి

అనగా అనగా, బండిచక్రం ఇనుప పట్టా ఎరగని కాలంలో, ఏటిగట్టు అనే ఊళ్లో ఓబులమ్మ అనే పిల్ల ఉండేది. రాణి కాదు, దొర బిడ్డ కాదు. పొరుగిళ్ల రోళ్లలో దంచే ఆమె కూతురు. అయినా ఈ వైపు ఏడూళ్లలో ఆమె పేరు తల్చుకోని వంటిల్లు లేదు. ఎందుకో చెప్తా. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్లు లేచి పోండి.

ఏటిగట్టున అన్నీ మామిడితోపులే. ఓబులమ్మ తల్లి ఏటా పుల్లపొడి దంచేది. ఎండబెట్టిన పచ్చిమామిడి ఒరుగులు, ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు, వేయించిన జీలకర్ర, వేయించని వాము. వాము కూడా వేయించేవాళ్లు ఉన్నారు. వాళ్లు వేరే ఏదో చేసుకుంటున్నారు, దానికి ఓబులమ్మ పేరు పెట్టొద్దు.

ఓబులమ్మను మూడు దినాల నడక దూరంలో ఎర్రమెట్టకు ఇచ్చారు. మొగుడి పేరు నాకు తెలుసు. చెప్పను.

పెళ్లయ్యాక అల్లుడు మొదటిసారి అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నాడు. జొన్నసంకటి, చప్పిడి పప్పు తిని పెరిగినవాడు. ఓబులమ్మ చెల్లెళ్లు అతని ముద్దలో గరిటెడు పుల్లపొడి కూరి పెట్టారు. నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూతపడ్డాయి, మూతి వంకరపోయింది, చెవులు కదిలాయంట.

“బావా, ఆ చెవులు ఇంకోసారి కదిలించు” అనింది చిన్న చెల్లెలు.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. అతను విస్తరి ముందు నుంచి లేచాడు.

“నన్ను చూసి నవ్విన గడప నేను తొక్కను. నా పెళ్లామూ తొక్కదు. మాటంటే మాటే.”

బయల్దేరేటప్పుడు తల్లి ఓబులమ్మ చేతిలో ఒక గురిగి పెట్టింది. చిన్న మట్టికుండ. నిండా పొడి.

“అడుగు కనపడనీయొద్దు తల్లీ. కొంచెం మిగిలుండగానే దానిమీద కొత్తది దంచి కలుపుకో. నా చెయ్యి నీ దగ్గరే ఉంటుంది.”

ఎర్రమెట్టలో మామిడి లేదు. ఓబులమ్మ చింతచిగురు ఎండబెట్టి దంచి గురిగిలో కలుపుకునేది. పప్పు దించాక చిటికెడు. వంకాయ మగ్గాక చిటికెడు. మజ్జిగలో చిటికెడు. మొగుడు చెయ్యి నాక్కుంటా తినేవాడు. అందులో ఏముందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. పొడి వేశాక ఆ రెండు వేళ్లూ ముక్కు దగ్గర పెట్టుకుని, పొయ్యి ముందు కాసేపు అట్లే ఉండేది.

కంది కోతలయ్యాక అడిగింది. “ఒకసారి అమ్మను చూసొస్తానయ్యా.”

“మాటంటే మాటే.”

కొడుకు పుట్టాక అడిగింది. “బిడ్డను చూపించి వస్తా. గడప తొక్కను. వాకిట్లోనే నిలబడతా.”

“మాటంటే మాటే.”

కొడుకు నడక నేర్చాక అడిగింది. “ఊళ్లోకే పోను. ఏటికి ఇవతల నిలబడతా. అమ్మ అవతల గట్టుకి వస్తుంది. చూసుకుంటాం, అంతే.”

“మాటంటే మాటే.”

మళ్లీ అడగలేదు.

ఒక ఏడు వానల్లేవు. చింతచెట్లు చిగురెయ్యలేదు. గురిగిలో గుప్పెడు పొడి మిగిలింది. అప్పుడే గాజులమ్మే ఆయన ఒకడు ఏటిగట్టు నుంచి ఎర్రమెట్ట దారిన వచ్చాడు. ఊరి మొదట్లోనే మొగుడి చేను.

“ఏమప్పా, మీ అత్తకు బాగలేదు. కూతుర్ని కలవరిస్తా ఉంది.”

“నేను చెప్తాలే, నువ్వు పో” అన్నాడు మొగుడు. చెప్పలేదు.

పక్షం దినాలు పోయాక గురిగిలో చిటికెడే మిగిలింది. ఓబులమ్మ దానికి మూతపెట్టి గుడ్డ కట్టేసింది. మొదటి రోజు మొగుడు పప్పు తిని ఉప్పు అడిగాడు. రెండో రోజు కారం అడిగాడు. మూడో రోజు పళ్లెం పక్కకు నెట్టాడు.

“ఏమే, పప్పులో ఏం తగ్గింది?”

“మా అమ్మ తగ్గింది” అనింది ఓబులమ్మ. గురిగి తెచ్చి ముందర పెట్టింది. “ఇన్నేళ్లు నువ్వు తిన్నది ఇదే. నువ్వు వదిలేసి లేచొచ్చిన విస్తట్లోదే.”

 గాజులాయన చెప్పిన మాట మొగుడు అప్పుడు బయటపెట్టాడు.

ఆమె కొడుకును చంకనెత్తుకుని, గురిగి కొంగున కట్టుకుని నడిచింది. మొగుడు ఎద్దుల్ని కట్టి బండి వెనకే తోలుకొచ్చాడు. మొదటి రోజు, “ఎక్కు ఓబులా” అన్నాడు. ఎక్కలేదు. రెండో రోజు, “బిడ్డనన్నా ఇయ్యి” అన్నాడు. బిడ్డను ఇచ్చింది, ఆమె ఎక్కలేదు. మూడో రోజు అతనే దిగి ఎద్దుల పక్కన నడిచాడు. అతను చేసిన మంచిపని అదొక్కటే. దానికి నేను మెచ్చుకోను.

వాళ్లు చేరేసరికి తల్లి పోయింది. పదకొండో దినమూ అయిపోయింది. మైలని కుండలు పారేశారు, జాడీలు బూడిదతో తోమి ఎండలో బోర్లించారు.

“కబురు పంపితే రాలేదు, ఇంక రావనుకున్నాం” అనింది అన్న పెళ్లాం లింగమ్మ. “పొడి జాడీ ఇదే. నిన్న పొద్దున కడిగా. అడుగున రెండు గుప్పిళ్లు ఉన్నింది, పారబోశా.”

ఓబులమ్మ జాడీలో ముఖం పెట్టి వాసన చూసింది. బూడిద వాసన. ఏడవలేదు. గురిగి గుడ్డ విప్పి, ఆ చిటికెడూ జాడీ అడుగున రాల్చింది.

“వదినా, అటకమీద ఒరుగులు ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“దింపు. దీనిమీద దంచుదాం. అమ్మ చెయ్యి ఇంతే మిగిలింది.”

ఇద్దరూ రోటికి చెరోవైపు నిలబడి దంచారు. సగం జాడీకి, సగం గురిగికి.

ఓబులమ్మ ఎర్రమెట్టకు తిరిగొచ్చింది. అడిగిన ప్రతి ఇంటికీ పొడి పెట్టింది. మొగుడి పళ్లెంలో మాత్రం వెయ్యలేదు. ముసలివాడయ్యాక ఒకసారి అడిగాడంట, “ఓబులా, ఒక్క చిటికెడు” అని.

“మాటంటే మాటే” అనింది.

క్షమించి ఉండాల్సింది అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల అమ్మలు బతికున్నారు.

ఓబులమ్మ పోయినరోజు కోడలు ఇంట్లో సామానంతా కడగడానికి బయట పెట్టింది. గురిగిని మాత్రం ముట్టుకోలేదు. దూరాన ఇచ్చిన ఓబులమ్మ కూతురు పంతొమ్మిదో దినాన వచ్చి, అందులోంచి చిటికెడు తీసుకుంది. ఆ తర్వాతే కడిగారు.

అప్పట్నుంచి ఏడూళ్లలో అదే ఆచారం. ఇంటి తల్లి పోతే అన్నీ కడుగుతారు, పుల్లపొడి జాడీ కడగరు. కూతుళ్లు వచ్చి తలా చిటికెడు తీసుకోవాలి. దాన్ని ఓబులమ్మ చిటికెడు అంటారు. అయ్యవారు మైల గురించి అడిగితే, “ఓబులమ్మ జాడీకి మైల లేదు సామీ” అంటారు. ఒక రోజైనా ఆగుతారు, ఒక ఏడాదైనా ఆగుతారు.

మా వీధి చివరింట్లో ఒక జాడీ పదహారేళ్లుగా అటకమీద ఉంది. ఆ కూతురు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇల్లు దులిపినప్పుడల్లా కోడలు దాన్ని దింపి, పైన దుమ్ము తుడిచి, మళ్లీ పెడుతుంది. మూత తియ్యదు.