మంచుదీవిని చూసివచ్చిన వకుళ

అనగా అనగా ఏడు సముద్రాలకు ఇవతల సింధుపురి అనే రాజ్యం, అవతల దక్షిణపు కొసన ఒక మంచుదీవి ఉండేవి.

సింధుపురి వర్తకుడు నాగదత్తుడు ఏటేటా ఆ దీవికి ఓడలు పంపేవాడు. అక్కడే బట్టీలు పెట్టి, చేపలు కాచి నూనె తీసి, పీపాల్లో నింపి తెప్పించేవాడు. ఈసారి దీవి పొడవునా బట్టీలు కట్టుకుంటానని రాజును అనుమతి అడిగాడు.

"ఉత్త మంచు మహారాజా. అక్కడ పాడవడానికి ఏముంది?" అన్నాడు.

రాజు తొందరపడలేదు. పక్షుల తీరు, మొక్కల తీరు తెలిసిన వకుళను పిలిచి, కళ్ళారా చూసి రమ్మన్నాడు.

చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా వకుళ దీవంతా కాలినడకన తిరిగింది. బట్టీల చుట్టూ మంచు మసిబారి, కరిగి కారిపోతోంది. రాళ్ళ మీది నాచులో ఎప్పుడో వచ్చివెళ్ళిన నావికుల అడుగులు మానని పుండ్లలా ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, వాటి పక్కనే తన అడుగులూ పడి ఉన్నాయి. ఆమె మనసు చివుక్కుమంది.

ఇంకొంచెం ముందుకు పోతే పెంగ్విన్ పక్షులు గుడ్లు పొదుగుతున్నాయి. వకుళ దగ్గరికి వెళ్ళగానే ఒక పక్షి బెదిరి లేచింది. గుడ్డుకు చలిగాలి తగిలింది.

"అమ్మా, నువ్వు మంచిదానివే కావచ్చు," అంది పక్షి. "కానీ నువ్వు చూస్తున్నంతసేపూ నా గుడ్డు చల్లబడుతోంది."

వకుళ వెనక్కి నడిచింది. గుడారాన్ని వట్టి బండ మీదికి మార్చుకుంది. నాచు తొక్కకుండా వట్టి రాళ్ళ మీదే నడిచింది. దూరంగా కూర్చుని చూసింది. గుడ్లు పిల్లలయ్యేదాకా ఉండి, అప్పుడు ఓడెక్కింది.

ఆమె చూసినదంతా చెబితే నాగదత్తుడు సభలో నవ్వాడు. కాస్త పొగ అంత మంచును ఏం చేస్తుందన్నాడు. వకుళ ఊకలో పొదిగి తెచ్చిన రెండు మంచుగడ్డలను ఎండలో పెట్టించి, ఒకదాని మీద గుప్పెడు మసి చల్లింది. అందరూ చూస్తుండగానే మసి పడిన గడ్డ నీరైపోయింది. రెండోది ఇంకా తెల్లగా మెరుస్తూనే ఉంది.

"మరి నీ అడుగుల వల్ల హాని లేదా?" అన్నాడు వర్తకుడు.

"ఉంది. తెలిసి వేసినా, తెలియక వేసినా నాచుకు అడుగు అడుగే. అందుకే నా దారి మార్చుకున్నాను. మీరూ మార్చుకోవచ్చు."

నాగదత్తుడు వంగి, ఆ నీటి మడుగులో తేలుతున్న మసిని వేలితో తాకి చూశాడు. చివరికి, బట్టీలు తానే పడగొట్టిస్తానని, చేపలు సింధుపురి రేవులోనే కాయిస్తానని రాజుకు మాట ఇచ్చాడు. దీవిలో దిగేవారు వకుళ చూపిన రాళ్ళదారినే నడవాలని రాజు ఆజ్ఞ వేశాడు.

మరో వేసవికి ఆమె ఓడ అక్కడికి చేరేసరికి దీవి ధగధగలాడుతోంది. ఒడ్డంతా పక్షులతో కిక్కిరిసిపోయింది. వాటి కేకల్లో నావికుల మాటలు ఒకరివి ఒకరికి వినబడలేదు. వకుళ ఓడ మీదే నిలబడి తనివితీరా నవ్వింది.

ఒకరి నెలవును కాపాడాలనుకునేవారు ముందు తమ అడుగు ఎక్కడ పడుతోందో చూసుకోవాలి.