రెండు గట్ల గంగాళం

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడదామంటే ఈ కథకు ఒక్క రాజ్యం చాలదు, రెండు కావాలి. ఉత్తరాన స్కాట్లండు, దక్షిణాన ఇంగ్లండు, నడుమ మోకాలి లోతు వాగు. వాగుకు అటొక ఊరు, ఇటొక ఊరు. వాటి అసలు పేర్లు మన నోళ్ళకు తిరగవు గనక ఉత్తరగట్టు, దక్షిణగట్టు అనుకుందాం.

ఈ రెండు ఊళ్ళవాళ్ళకూ ఒకరినొకరు దెప్పుకోనిదే తిన్నది అరిగేది కాదు. ఉత్తరగట్టు స్కాట్లు జావలో ఉప్పు వేసుకుంటే, దక్షిణగట్టు ఇంగ్లీషువాళ్ళు తేనె పోసుకుంటారు. "ఉప్పు తిని తిని మీ నాలుకలు పదునెక్కాయి" అని వీళ్ళంటే, "తేనె తాగి ఒళ్ళు పెరిగి మీరు వాగు దాటలేకపోతున్నారు" అని వాళ్ళనేవారు. వాన పడితే అది అవతలి గట్టునుంచే వచ్చిందనేవారు ఇద్దరూ. ఎండ కాస్తే మాత్రం అది తమదే. ఎన్ని అనుకున్నా పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం ఏనాడూ మానలేదు.

రెండు ఊళ్ళకూ కలిపి ఒక కంచు గంగాళం ఉండేది. మూడు కాళ్ళు, పొగచూరిన నల్లటి ఒళ్ళు, రెండు వందల మందికి చారు కాగేంత లోతు. అందులో కంచు స్కాట్లది, దాన్ని పోతపోసిన కంచరి ఇంగ్లీషువాడు. అది ఎవరిదన్న తగువు మూడు తరాలుగా తెగలేదు. తెగాలని ఎవరికీ లేదు కూడా. ఏ గట్టున పెళ్ళయినా ఆ గంగాళంలో కాచిన మాంసం చారు రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే బంతిన కూర్చుని తాగాలి. తాగకపోతే పాదిరి ఎన్ని ప్రార్థనలు చదివినా ఆ పెళ్ళి పెళ్ళి కాదని పెద్దల మాట.

ఆ చారు కాచే చెయ్యి ఇసోబెల్‌ది. ఉత్తరగట్టున గొర్రెలు కాసుకుని బతికే వితంతువు. మాట కరుకు, మనసు వెన్న. ఆమె ఒక్కగానొక్క కూతురు ఎఫీకి దక్షిణగట్టున నీటిమర నడిపే రాల్ఫ్ కొడుకుతో సంబంధం కుదిరింది. కోతల కాలంలో పెళ్ళి అనుకున్నారు. వియ్యంకుడూ వియ్యపురాలూ అప్పటికే ఒకరినొకరు ఏడిపించుకోవడంలో ఆరితేరారు.

అంతలో దక్షిణగట్టు కోటకు కొత్త దొర దిగాడు. పేరు సర్ ఆంబ్రోజ్. సరిహద్దు కాపాడమని లండన్‌నుంచి పంపారు. మనిషి చెడ్డవాడు కాడు. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే అలవాటే లేదు. సగం మాటకే ఆయనకు సర్వం తెలిసిపోయేది.

ఆ సరిహద్దుకు ఒక పాత చట్టం ఉంది. దాన్ని నిప్పుజాడ అనేవారు. సొత్తు పోయినవాళ్ళు ఆరు రోజుల్లోగా ఈటె మొనకు మండే మట్టిపిడక గుచ్చి, బూర ఊదుతూ, కుక్కను ముందు వదిలి జాడ పట్టవచ్చు. అక్కడ చిత్తడినేల తవ్వి ఎండబెట్టిన మట్టే పొయ్యిలోకి పిడక. అలా బయలుదేరినవాళ్ళను సరిహద్దు దాటినా ఎవరూ ఆపకూడదు. దారిలో చూసిన ప్రతివాడూ, ఏ రాజ్యంవాడైనా, చేతిలో పని వదిలి వెంట నడవాలి. నడవనివాడు దొంగకు తోడుదొంగ. ఉత్తుత్తినే నిప్పెత్తినవాళ్ళకు మాత్రం ఏడాది చెరసాల.

దొరగారికి ఈ చట్టం తెగ నచ్చింది. దిగిన మూడో రోజునే సంతలో పీపా ఎక్కి చదివి వినిపించాడు. "దొరైనా సరే, నేనైనా సరే, నిప్పుజాడ కనిపిస్తే వెంట నడవాల్సిందే" అని తన మాట కూడా చేర్చాడు. వారం తిరక్కుండానే, నిప్పుజాడ వెంట రమ్మంటే "ఈ గింజలు మరలో పోసేసి వస్తా" అన్న పాపానికి రాల్ఫ్‌ను పూటంతా వాగులో నిలబెట్టాడు.

"ఏ వైపు నీళ్ళలో నిలబెట్టారు అన్నయ్యగారూ? మా వైపైతే ఇంకాస్త చల్లగా ఉండేవి" అని ఇసోబెల్ నెల్లాళ్ళు నవ్వింది.

ఆ నవ్వు పెళ్ళివారం సోమవారంనాడు ఆగిపోయింది. ఆనాడు దక్షిణగట్టునుంచి గంగాళాన్ని వాగు దాటించబోతున్నారు. అలవాటు ప్రకారం "మాదంటే మాది" అని అరుచుకుంటూ మోస్తున్నారు. అటుగా పోతున్న దొరగారు గుర్రం ఆపాడు.

"ఏమిటీ గోల? ఈ గంగాళం ఎవరిది?"

"మాది!" అన్నాయి రెండు గట్లూ ఒక్క గొంతుతో.

"పోతపోసింది ఎవరు?"

"మా ఊరి కంచరే, కాని కంచేమో..." అని రాల్ఫ్ అంటున్నాడు.

"చాలు, అర్థమైంది. ఇంగ్లీషు చెయ్యి పోసింది కనక ఇది ఇంగ్లండు సొత్తు. ఇకనుంచి నా కోటలో ఉంటుంది. మీ తగువు తీరిపోయింది, పొండి" అన్నాడు. ఆయన మనుషులు గంగాళాన్ని బండిమీద పడేసుకుని పోయారు. పిల్లుల రొట్టె తగువు కోతి తీర్చిన చందం అంటే ఇదే మరి.

ఇసోబెల్, రాల్ఫ్ కలిసి కోటకు పోయి మొరపెట్టుకున్నారు. "శనివారం పెళ్ళి దొరగారూ, ఆ గంగాళం లేకపోతే..." అన్నంతవరకే సాగింది.

"నా మాట వెనక్కి పోదు" అని దొరగారు లేచిపోయాడు.

ఆ సాయంత్రం దక్షిణగట్టు కుర్రాళ్ళు కొందరు "దొరగారే తేల్చేశారు, గంగాళం మాదే" అని వాగొడ్డున గంతులేశారు. ఉత్తరగట్టు కుర్రాళ్ళు ఇళ్ళకు పోయి కత్తులు నూరుకున్నారు. ఇన్నేళ్ళ దెప్పుళ్ళలో లేని విషం మూడు రోజుల్లో ఊళ్ళలోకి దిగింది.

"అమ్మా, ఇంతకీ నేను శనివారం వెళ్ళేది అత్తవారింటికా, పగవాళ్ళింటికా?" అని అడిగింది ఎఫీ. గంగాళం పోతే పోయింది, వాగులో నెత్తురు పడితే కూతురు ఇక ఏ గట్టుకూ చెందదు. ఆ మాట తలుచుకుని ఇసోబెల్ చాలాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక ముఖం కడుక్కుని నేరుగా నీటిమరకు పోయింది.

"అన్నయ్యగారూ, మీ దొర అన్న మాట వెనక్కి తీసుకోడు కదూ?"

"చచ్చినా తీసుకోడు చెల్లెమ్మా. అదేగా మన ఖర్మ."

"అదే నాకు కావాలి. రేపు నిప్పెత్తుతున్నాను."

రాల్ఫ్ గుండెమీద చెయ్యేసుకున్నాడు. "దొరమీదే! ఉత్తుత్తి నిప్పని ఆయన తేల్చేస్తే ఏడాది చెరసాల!"

"చెరసాలకు భయపడను. మీ వైపు చెరసాల కదా, పొద్దున్నే జావలో తేనె పోస్తారేమోనని, అదొక్కటే భయం."

మర్నాడు గురువారం. దొరగారు వేట ముగించుకుని పరివారంతో వాగు వెంట తిరిగి వస్తున్నాడు. ఎదురుగా బూర వినిపించింది. చూస్తే ఈటె మొనమీద పొగలు కక్కుతున్న పిడక, దాన్ని పట్టుకుని ఇసోబెల్, ఆమె ముందు గిబ్ అనే ముసలి కుక్క.

"నిప్పుజాడ!" అని దొరగారు జీనుమీద నిటారుగా కూర్చున్నాడు. ఈ చట్టం తన కళ్ళముందే నడవడం ఆయనకు పండగలా ఉంది. "అందరూ వెంట నడవండి! ముందు నేనుంటాను. ఏం పోయిందమ్మా? ఆవా, గొర్రా?"

"మూడు కాళ్ళు, నల్లటి ఒళ్ళు దొరగారూ, దాన్ని..."

"కుంటి గొర్రె! అయ్యో పాపం. కుంటిది గనక దొంగ ఎంతో దూరం పోయి ఉండడు. పదండి!"

ఇసోబెల్ నోరు తెరిచింది. ఆయన అప్పటికే గుర్రాన్ని అదిలించాడు. పూర్తిగా చెబుదామని ఆమె దారిలో మరి రెండుసార్లు ప్రయత్నించిన మాట నిజం. రెండుసార్లూ ఆయన "నాకు తెలుసు" అన్నాడు. అంతకు మించి ఆమె తప్పేమీ లేదని నా అభిప్రాయం.

గిబ్‌కు జాడ వెతుక్కోవలసిన పనే లేదు. పుట్టిన దగ్గరనుంచీ ప్రతి పెళ్ళిలో ఆ గంగాళం అడుగు నాకి పెరిగిన కుక్క అది. ముక్కు నేలకు ఆనించి బండిదారి పట్టింది. పొలాల్లో కోత కోస్తున్న ఇంగ్లీషువాళ్ళు కొడవళ్ళతో వచ్చి కలిశారు. మందలు వదిలి స్కాట్ల కాపరులు కలిశారు. నడుముల్లో కత్తులు దోపుకున్న కుర్రాళ్ళు కూడా, రెండు గట్లవాళ్ళూ, చట్టానికి భయపడి పక్కపక్కనే నడవాల్సి వచ్చింది. రాల్ఫ్ అందరికంటే ముందే సిద్ధంగా ఉన్నాడు. ఆయనకు వాగునీళ్ళు ఇంకా గుర్తున్నాయి.

అంతమంది వెంట రావడం చూసి దొరగారికి హుషారెక్కింది. వెనక్కి తిరిగి కేకేశాడు. "వినండి! దొంగ ఎవడైనా, ఎంతటివాడైనా, ఆ సొత్తును తన చేతులతో మోసుకుపోయి సొంతదార్ల గుమ్మంలో దించాలి. ఇది నా తీర్పు!"

"దొరగారి మాట వెనక్కి పోదు కదండీ?" అని ఇసోబెల్ వినయంగా అడిగింది.

"ఏనాడూ పోలేదు!"

కుక్క కొండ ఎక్కింది. కోట మలుపు తిరిగింది. "చూశారా వాడి తెగింపు, నా కోట పక్కనుంచే పోయాడు!" అన్నాడు దొర. కుక్క కోట పక్కనుంచి పోలేదు. వంతెన దాటి, ద్వారం దాటి, లోపలికి దూరింది. దొరగారి గుర్రం వేగం తగ్గింది. వెనక జనం గుసగుసలు కూడా తగ్గాయి.

సభాశాల నడుమ, ఎర్ర తివాచీమీద, ఇంగ్లండు సొత్తు మూడు కాళ్ళమీద నిలబడి ఉంది. అందులో దొరగారి వేటకుక్క చుట్టచుట్టుకుని నిద్రపోతోంది. గిబ్ ఒక్క దూకు దూకింది. రెండూ ఓ క్షణం గుర్రుమని, మూతులు వాసన చూసుకుని, కలిసి అడుగు నాకడం మొదలుపెట్టాయి.

దొరగారి మెడ ఎర్రబడింది, తర్వాత చెవులు, తర్వాత ముఖం. మెల్లగా ఇసోబెల్ వైపు తిరిగాడు.

"అంటే... ఇంతమంది ముందు నన్ను దొంగనంటున్నావా?"

ఇప్పుడు జారే మాటమీద ఏడాది చెరసాల ఉంది, కూతురి పెళ్ళి ఉంది, వెనక కుర్రాళ్ళ నడుముల్లో కత్తులున్నాయి. ఇసోబెల్ ఈటె కిందికి దించి చేతులు జోడించింది.

"ఎంత మాట దొరగారూ! వెంట నడవనివాడే తోడుదొంగ అంటుంది చట్టం. తమరు అందరికంటే ముందు నడిచారు. తమరు దొంగెలా అవుతారు? పట్టినవారు తమరే." తర్వాతి మాట ఆమె గొంతులోంచి ముల్లు పీకినట్టు వచ్చింది. "మా స్కాట్లండులో ఇంతమంది దొరలున్నారు. నిప్పెత్తిన పూటే, భోజనం వేళ కాకముందే, సొత్తు పట్టిచ్చిన దొర ఒక్కడూ లేడు. ఈ ఒక్క విషయంలో... ఇంగ్లండే మాకంటే గొప్పది."

ఉత్తరగట్టు జనానికి ఊపిరి ఆగింది. మూడు తరాలలో ఆ మాట ఏ స్కాటూ అనలేదు. రాల్ఫ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

"సరిగ్గా వినబడలేదు చెల్లెమ్మా. ఇంకొక్కసారి అనండి."

"మీ మర హోరుకు చెవులు పోయినట్టున్నాయి, వైద్యుడికి చూపించుకోండి" అంది ఇసోబెల్.

ముందు నవ్వింది దక్షిణగట్టు. ఆపై ఉత్తరగట్టు. గంతులేసిన కుర్రాళ్ళూ, కత్తులు నూరుకున్న కుర్రాళ్ళూ ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. దొరగారు పళ్ళు బిగించి కాసేపు ఓర్చుకున్నాడు. గంగాళంలోంచి రెండు తోకలు ఊగుతుండడం చూసేసరికి ఆయనకూ ఆగలేదు. పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"నా చట్టంతోనే నన్ను నా కోటకు తోలుకొచ్చావు. ఇంతకుముందు నీ మాట చివరిదాకా విని ఉంటే నాకు ఈ మోత తప్పేది" అని చొక్కా చేతులు పైకి మడిచాడు. మాట వెనక్కి పోదు గదా. ఒక కాలు దొర పట్టాడు, రెండోది రాల్ఫ్, మూడోది ఉత్తరగట్టు కాపరి. వాగు దాటించి ఇసోబెల్ గుమ్మంలో దించేసరికి దొరగారి చొక్కా నిండా మసి.

శనివారం ఎఫీ పెళ్ళి ఘనంగా జరిగింది. రెండు ఊళ్ళూ ఒకే బంతిన చారు తాగాయి. దొరగారు ఇసోబెల్‌కు బహుమానంగా బారెడు పొడవున్న వెండి గరిటె తెచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని గంగాళంలో పెట్టింది.

అంతే, వెనకనుంచి రాల్ఫ్ అందుకున్నాడు. "గరిటె ఇంగ్లీషు దొర ఇచ్చాడు, కనక మాది!"

"పుచ్చుకుంది ఉత్తరగట్టు చెయ్యి, కనక మాది!" అంది ఇసోబెల్.

మాదంటే మాదని రెండు గట్లూ లేచాయి. తేల్చమన్నట్టు అందరూ దొరగారి వైపు తిరిగారు. సర్ ఆంబ్రోజ్ నోరు తెరిచాడు, మూశాడు. ఖాళీ గిన్నె ఒకటి వెతుక్కుని, చారు కోసం వరసలో చివర నిలబడ్డాడు.